సానపట్టిన రాళ్ళను గుర్తుపట్టడం ఎలా: మన ఇళ్ళలోని ఉపరత్నాలకు ఒక కరదీపిక

మన ఇళ్ళలోకి రాళ్ళు మూడు దారుల్లో వస్తాయి. అమ్మమ్మలు, నాయనమ్మల నాటి నగల్లో పొదిగినవి కొన్ని. జాతకం చూసినవాళ్ళు చెప్పగా ఉంగరానికి పెట్టించుకున్నవి కొన్ని. యాత్రల్లో, ఎగ్జిబిషన్లలో ముచ్చటపడి కొన్న మాలలు, నున్నటి గుండ్రాళ్ళు మరికొన్ని. ఉన్నన్నాళ్ళూ వాటి గురించి ఎవరూ అడగరు. నగలు పంచుకునేటప్పుడో, అమ్మేటప్పుడో, కుదువ పెట్టేటప్పుడో ఇది ఏ రాయి అన్న ప్రశ్న వస్తుంది. అప్పటికి చెప్పగల పెద్దవాళ్ళు ఉండరు. పెట్టెలోని నగల పట్టీ తెలుగులో ఉంటుంది. పిల్లలు చదివింది కన్నడమో, తమిళమో, మరాఠీయో, ఒడియానో. అంగడిలో ఉన్నవారికి తెలిసినవి ఆ ఊరి పేర్లు. ఒక మాట నుంచి ఇంకో మాటకు వెళ్ళేసరికి రాయి పేరు మారుతుంది, పేరుతో పాటు ధరా మారుతుంది.

అందుకే ఈ వ్యాసంలో మేము ముందుగా చెప్పదలచుకున్నది ఒకటే. రాయిని రంగును బట్టి, పేరును బట్టి నిర్ణయించకండి. రంగు వేయవచ్చు, పేరు మార్చవచ్చు. బరువు, గట్టితనం, లోపలి గుర్తులు మార్చడం అంత తేలిక కాదు. ఈ మూడింటిలో చాలా భాగం ఇంట్లోనే చూసుకోవచ్చు.

రత్నం, ఉపరత్నం

నవరత్నాలు మనకు తెలిసినవే: కెంపు, ముత్యం, పగడం, పచ్చ, పుష్యరాగం, వజ్రం, నీలం, గోమేధికం, వైడూర్యం. తక్కినవాటిని ఉపరత్నాలు అంటాం. ఈ విభజన ఆచారంలోంచి వచ్చింది, రాయి గుణంలోంచి కాదు. గోమేధికం నవరత్నాల్లో ఉంది, కానీ అది గార్నెట్ కుటుంబపు రాయి. అదే కుటుంబంలోని ముదురు ఎర్ర గార్నెట్ ఉపరత్నం. కెంపు, నీలం, కనకపుష్యరాగం వేర్వేరుగా కనిపించినా మూడూ కొరండం అనే ఒకే ఖనిజం. స్ఫటికం, ఊదారంగు అమెథిస్ట్, పసుపు సిట్రిన్, గులాబీ రంగు రోజ్ క్వార్ట్జ్, టైగర్ ఐ, హకీక్ అన్నీ క్వార్ట్జ్ ఇంటివే. బజారులో కనిపించే ఉపరత్నాల్లో ఎక్కువ భాగం ఈ క్వార్ట్జ్ ఇంటివి కనుక, దీన్ని గుర్తుపట్టడం వస్తే సగం పని అయినట్టే.

పేర్ల చిక్కు

మన పట్టీలో కెంపు అని ఉంటే మాణిక్యం అని అర్థం. కన్నడంలో కెంపు అంటే ఎరుపు కూడా. అక్కడ కెంపు కల్లు అన్నది మాణిక్యం కావచ్చు, మరే ఎర్ర రాయైనా కావచ్చు. ఇక గిల్టు నగల వ్యాపారంలో కెంపు రాళ్ళ సెట్ అంటే దాదాపు ఎప్పుడూ ఎర్ర గాజే. నాట్యానికి వేసుకునే సెట్లలో ఉండేవి అవే. వాటిలో మోసం లేదు, గాజు ధరకే అమ్ముతారు. అవే రెండు తరాల తరువాత పెట్టెలోంచి కెంపుల హారం అన్న పేరుతో బయటికి వస్తే అప్పుడు తగాదా మొదలవుతుంది.

పచ్చకూ ఇదే గతి. తమిళంలో మరగదం, కన్నడంలో పచ్చె, మరాఠీలో పాచూ, హిందీలో పన్నా. తమిళంలో పచ్చైక్కల్ అంటే ఆకుపచ్చ రాయి అని మాత్రమే అర్థం. పగడాన్ని తమిళంలో పవళం, కన్నడంలో హవళ, మరాఠీలో పోవళే, ఒడియాలో పోహళా అంటారు. వైడూర్యాన్ని మరాఠీలో లసణ్యా, హిందీలో లహసునియా అంటారు. గోమేధికం తమిళంలో గోమేదకం, మరాఠీలో గోమేద్. వజ్రం తమిళంలో వైరం. తమిళ మాధ్యమంలో చదివిన పిల్లలకు వజ్రం అన్న మాట, తెలుగు మాత్రమే తెలిసిన పెద్దలకు వైరం అన్న మాట కొత్తగా తోస్తాయి. ఇంట్లో ఒక కాగితం మీద ఈ పేర్లు పక్కపక్కన రాసి పెట్టుకోవడం మంచిది.

అన్నిటికంటే పెద్ద చిక్కు పుష్యరాగంతో వస్తుంది. ఈ ఒక్క మాటతో కనకపుష్యరాగం అనే పసుపు కొరండాన్నీ పిలుస్తారు, టోపాజ్‌నూ పిలుస్తారు. హిందీ వ్యాపారంలో సునేలా అనే సిట్రిన్‌ను కూడా కొందరు గోల్డెన్ టోపాజ్ అంటారు. స్మోకీ టోపాజ్ పేరుతో అమ్మేది పొగరంగు క్వార్ట్జ్. ఇండియన్ జేడ్ అంటే అవెంచురిన్. గ్రీన్ ఓనిక్స్ అంటే రంగు వేసిన చాల్సెడొనీ. ఊరి పేరో, గోల్డెన్ లాంటి విశేషణమో ముందు తగిలించి పెద్ద రాయి పేరు చెబితే అది ఆ పెద్ద రాయి కాకపోవడానికే అవకాశం ఎక్కువ.

పేరు మారడం ఈనాటిది కాదు. ఇంగ్లీషులో బెరిల్ అనే మాట మన దేశపు ప్రాకృతంలోని వేళురియ నుంచి గ్రీకు మీదుగా వెళ్ళిందని పండితులు చెబుతారు. వైడూర్యం దానికి చుట్టం. అంటే పాత రోజుల్లో వైడూర్యం అన్నది బెరిల్‌కు చెల్లిన పేరు. ఇప్పుడు మనం అలా పిలిచేది పిల్లికన్ను రాయిని.

ఇంట్లో చేసుకోగల పరీక్షలు

చలువ: రాయిని పెదవికో చెంపకో ఆనించండి. క్వార్ట్జ్ చల్లగా తగిలి, ఆ చలువ కాసేపు నిలుస్తుంది. గాజు కొంచెం తొందరగా వేడెక్కుతుంది. ప్లాస్టిక్‌లో చలువే తెలియదు. స్ఫటికమాల కొనేటప్పుడు చేయగల మొదటి పరీక్ష ఇదే. అయితే ఇది ప్లాస్టిక్‌ను కచ్చితంగా పట్టిస్తుంది, గాజును అనుమానించేలా మాత్రమే చేస్తుంది.

భూతద్దం: పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న లూప్ కొనుక్కోండి. రాయి లోపల గుండ్రటి గాలి బుడగలు, కలిపిన రంగు సుడులు తిరిగినట్టు గీతలు కనబడితే గాజు. పలకల అంచులు మొద్దుగా, కరిగినట్టు ఉంటే అచ్చుపోసిన గాజు. సహజమైన రాయిలో ఈకల్లాంటి పగుళ్ళు, సన్నటి సూదుల్లాంటి ఖనిజాలు, ఒకచోట ముదురుగా మరోచోట లేతగా రంగు కనిపిస్తాయి. మచ్చే లేకపోవడం గొప్ప కాదు. తక్కువ ధరకు పెద్ద రాయి అచ్చంగా నీటిబొట్టులా ఉంటే అనుమానించాలి.

గట్టితనం: జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ మోస్ 1812లో ఇచ్చిన 1 నుంచి 10 వరకు మెట్ల కొలతనే ఇప్పటికీ వాడుతున్నారు. వజ్రం 10, కెంపు, నీలం 9, టోపాజ్ 8, క్వార్ట్జ్ 7, చంద్రకాంత శిల 6 నుంచి 6.5, ఫిరోజా 5 నుంచి 6, లాపిస్ 5 నుంచి 5.5, ఫ్లోరైట్ 4, పాలరాయి 3. గాజు, ఇంట్లో వాడే చాకు రెండూ సుమారు 5.5. విడిగా ఉన్న గుండ్రాయి పాత గాజు సీసా మీద గీత పెడితే అది క్వార్ట్జ్ గానీ అంతకంటే గట్టిది గానీ అయి ఉండవచ్చు. చాకు మొనతో రాయి మీదే గీత పడితే మెత్తటి రాయి. ఈ పరీక్ష గుండ్రాళ్ళకే. పలకలు తీసిన రాయిని, నగలో పొదిగిన రాయిని ఎప్పుడూ గీయకండి.

నీటి తూకం: మాకు తెలిసినంతలో ఇంటి పరీక్షల్లో ఎక్కువ నమ్మదగినది ఇదే. గ్రాములో నూరో వంతు చూపే చిన్న త్రాసు ఉంటే చాలు. రాయిని పొడిగా తూచి ఆ అంకె రాసుకోండి. చిన్న గ్లాసులో నీళ్ళు పోసి త్రాసు మీద పెట్టి, అంకెను సున్నాకు తెచ్చుకోండి. రాయికి సన్నటి దారం కట్టి, గ్లాసు అడుగుకూ అంచుకూ తగలకుండా నీళ్ళలో పూర్తిగా ముంచి పట్టుకోండి. ఇప్పుడు త్రాసు చూపే అంకెతో మొదటి అంకెను భాగించండి. ఉదాహరణకు పొడిగా 5.30 గ్రాములు, నీళ్ళలో 2.00 చూపితే 2.65 వస్తుంది. అది క్వార్ట్జ్ లెక్క.

పోల్చుకోవడానికి కొన్ని అంకెలు:

చంద్రకాంత శిల: సుమారు 2.6
క్వార్ట్జ్ రాళ్ళన్నీ: 2.65
పచ్చ, ఇతర బెరిల్ రాళ్ళు: సుమారు 2.7
లాపిస్: 2.7 నుంచి 2.9
టోపాజ్: సుమారు 3.5
గోమేధికం: సుమారు 3.6
వైడూర్యం: సుమారు 3.7
ముదురు ఎర్ర గార్నెట్: సుమారు 4 
కెంపు, నీలం, కనకపుష్యరాగం: 4.0
అమెరికన్ డైమండ్: 5.6 నుంచి 6

కనకపుష్యరాగం అని కొన్న రాయికి 2.65 వస్తే అది సిట్రిన్. ఒక్క భాగహారంతో తేలిపోతుంది. మామూలు గాజు 2.5 దగ్గర ఉంటుంది, సీసం కలిపిన గాజు ఇంకా ఎక్కువ బరువు తూగుతుంది. అందుకని గాజు అనుమానం ఉన్నప్పుడు తూకంతో పాటు బుడగలూ చూడాలి. రాయి మరీ చిన్నదైతే తప్పు అంకె రావచ్చు. ఒక గ్రాముకు తక్కువైన రాళ్ళకు ఈ లెక్క మీద ఆధారపడకండి. ముత్యం, ఫిరోజా వంటి వాటిని నీళ్ళలో ముంచవద్దు.

అయస్కాంతం: ఎర్ర గార్నెట్‌లో ఇనుము ఉంటుంది. పళ్ళెంలో నీళ్ళు పోసి, చిన్న థర్మోకోల్ ముక్క మీద రాయిని పెట్టి తేలనివ్వండి. నియోడిమియం అయస్కాంతాన్ని దగ్గరకు తెస్తే ముదురు ఎర్ర గార్నెట్ దాని వెంట నెమ్మదిగా కదులుతుంది. కెంపు కదలదు. నోట్లు సరిచూసే అతినీల కాంతి టార్చ్ కింద ఎర్రగా వెలిగే రాయి గార్నెట్ కాదు. అయితే వెలిగినంత మాత్రాన గనిలోంచి వచ్చిన కెంపు అని కూడా కాదు. ఫ్యాక్టరీలో చేసిన కెంపు ఇంకా బాగా వెలుగుతుంది.

తరచుగా కనిపించే రాళ్ళు, వాటి మారువేషాలు

స్ఫటికం: నీళ్ళలా తెల్లగా ఉండే క్వార్ట్జ్. పెద్ద స్ఫటిక గోళం వెనుక ఒక వెంట్రుక పెట్టి, గోళాన్ని తిప్పుతూ చూస్తే కొన్ని వైపుల నుంచి వెంట్రుక రెండుగా కనిపిస్తుంది. గాజు గోళంలో ఎటు తిప్పినా ఒకటే. చిన్న పూసల్లో ఈ తేడా కంటికి ఆనదు. పూసలకు చలువ, బుడగలే దారి. పూసలన్నీ ఒక్క మచ్చ కూడా లేకుండా ఒకేలా ఉంటే గాజేమో చూసుకోవాలి.

అమెథిస్ట్, సిట్రిన్: అమెథిస్ట్‌లో ఊదా రంగు చారలుగా, మూలలుగా పడి ఉంటుంది. ఎండలో ఎక్కువ రోజులు ఉంచితే వెలిసిపోతుంది. బజారులోని సిట్రిన్‌లో చాలా భాగం వేడి చేసిన అమెథిస్టే. అది కూడా క్వార్ట్జే కనుక నకిలీ అనలేం, కానీ ధర తక్కువగానే ఉండాలి.

హకీక్, కార్నీలియన్, సులేమానీ: పొరలు పొరలుగా ఉండేది అగేట్, అదే హకీక్. నారింజ ఎరుపు రంగుది కార్నీలియన్. వీటికి రంగు పట్టించడం చాలా పాత పని. నల్ల ఓనిక్స్‌లో ఎక్కువ భాగం పంచదార నీళ్ళలో నానబెట్టి, తరువాత యాసిడ్‌తో మాడ్చి నలుపు చేసినదే. మెరిసే నీలం, గులాబీ, చిలకపచ్చ అగేట్లు దాదాపు అన్నీ రంగు వేసినవే. గోళ్ళ రంగు తీసే ద్రవంలో దూది ముంచి పూస రంధ్రం దగ్గర రుద్దితే కొన్ని రంగులు దూదికి అంటుతాయి. పగుళ్ళలో రంగు ముదురుగా చేరి ఉందేమో కూడా చూడండి.

గార్నెట్, గోమేధికం: ఎర్ర గార్నెట్ వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తే దానిమ్మ గింజలా, కొంచెం గోధుమ ఛాయతో ఉంటుంది. గోమేధికం లోపల బెల్లం పాకంలో నీళ్ళు కలుస్తున్నప్పుడు తిరిగే తీగల్లాంటి కదలిక కనిపిస్తుంది. గాజు గోమేధికంలో ఆ కదలికకు బదులు బుడగలు ఉంటాయి.

చంద్రకాంత శిల: రాయిని కదిపితే లోపల నీలి తెలుపు కాంతి పైపైన తేలుతున్నట్టు జరగాలి. పాలలా ఒకే తీరుగా మెరుస్తూ, వెలుతురుకు పెడితే నారింజ రంగులో కనిపించేది ఓపలైట్ అనే గాజు. గోధుమ రంగులో జరీ చల్లినట్టు మెరిసేది గోల్డ్‌స్టోన్. అది కూడా రాగి రవ్వలు కలిపి చేసిన గాజే, దాన్ని సూర్యకాంత శిల అని అమ్ముతుంటారు.

వైడూర్యం: అసలు వైడూర్యం తేనె రంగులోనో పచ్చటి పసుపులోనో ఉండి, మధ్యలో ఒకే వెలుగు గీత కదులుతుంది. అలాంటి గీత క్వార్ట్జ్‌లోనూ వస్తుంది, అప్పుడు తూకం 2.65 దగ్గర ఉంటుంది. గీత మరీ పదునుగా ఉండి, పక్క నుంచి చూస్తే తేనెపట్టు గదుల్లా కనబడితే అది గాజు పోగులతో చేసినది.

నీలానికి బదులు వచ్చేవి: హిందీ వ్యాపారంలో నీలీ అనేది అయోలైట్. తిప్పి చూస్తే ఒకవైపు ఊదా నీలం, ఇంకోవైపు పసుపు బూడిద రంగు కనిపిస్తుంది. తూకం సుమారు 2.6. నీలం 4.0.

లాపిస్, ఫిరోజా: లాపిస్‌లో బంగారు రవ్వల్లాంటి పైరైట్ చుక్కలు, తెల్ల మచ్చలు సహజం. ఫిరోజా పేరుతో అమ్మేవాటిలో రంగు వేసిన హౌలైట్, మాగ్నసైట్ చాలా ఉంటాయి. పూస రంధ్రం అంచున సూదితో కొద్దిగా గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది.

మన చుట్టుపక్కల దొరికేవి

దక్కన్ నల్లరాతి పొరలు సుమారు 6.6 కోట్ల ఏళ్ళనాటి లావా. ఆ లావాలో గాలి మిగిల్చిన తొర్రల్లో సిలికా చేరి అగేట్, అమెథిస్ట్, స్ఫటికం ఏర్పడ్డాయి. షోలాపూర్ ఆ పొరల మీదే ఉంది. నాసిక్ వైపు పుట్టి నాందేడ్, సిరోంచ మీదుగా ప్రవహించే గోదావరి, ఆ రాళ్ళను దొర్లించి నునుపు చేసి గులకల్లో చేరుస్తుంది. నది ఒడ్డున ఏరుకున్న గోధుమ, నారింజ రంగు రాయి వెలుతురుకు కొంచెం పారదర్శకంగా ఉండి, గాజును గీస్తే అది అగేట్ లేదా కార్నీలియన్ అయ్యే అవకాశం ఎక్కువ.

తమిళనాడులో కాంగేయం దగ్గరి పడియూరు పాతకాలం నుంచి బెరిల్‌కు పేరుపడింది. నొయ్యల్ ఒడ్డున కొడుమణల్ తవ్వకాల్లో రాళ్ళు సానపట్టి పూసలు చేసిన చోట్లు బయటపడ్డాయి. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వించిన తరువాత అక్కడి పూసల పని లోకానికి తెలిసింది. అరికమేడు గార్నెట్ పూసల్లో కొన్ని తెలంగాణలో కొత్తగూడెం వైపున్న గరీబ్‌పేట రాయితో సరిపోతున్నాయని పరిశోధకులు చెబుతున్నారు. తిరుచిరాపల్లి మాత్రం కృత్రిమ రాళ్ళు సానపట్టే ఇంటి పనికి పేరు. ఆ పనివారి నైపుణ్యం వల్లనే అక్కడి రాళ్ళు ఒకోసారి అసలు రాయి కంటే బాగా మెరుస్తాయి.

కర్ణాటకలో మైసూరు వైపు ఊదా ఎరుపు స్టార్ రూబీ దొరుకుతుంది. నున్నగా గుండ్రంగా సానపడితే ఒక్క దీపం వెలుగులో ఆరు గీతల నక్షత్రం కనిపిస్తుంది. ఆ నక్షత్రం దీపంతో పాటు జరగాలి. కదలకుండా ఒకేచోట ఉంటే గీసిందో అచ్చు వేసిందో. ఒడిశాలో కలహండి, బొలంగీర్, నువాపడ జిల్లాలు గార్నెట్, అమెథిస్ట్, వైడూర్యం వంటి రాళ్ళకు పేరు. బరంపురానికి దగ్గరలో ఛత్రపూర్ తీరపు ఇసుకలో ఎర్రగా కనిపించేది కూడా గార్నెట్టే. అది నగలకు పనికిరాదు, రాపిడి కాగితాలకు వాడతారు.

పాత నగల విషయంలో

పాత నగల్లో చాలా వాటికి రాయి వెనుక మూసి ఉంటుంది. లోపల లక్క, దాని మీద మెరిసే రేకు, ఆ పైన రాయి. ఎర్ర రేకు వేస్తే లేత రాయి కూడా కెంపులా కనిపిస్తుంది. ఇలాంటి నగను తీసి తూచలేం, కనుక ఇంట్లో తేల్చడం కష్టం. నీళ్ళలో నానబెడితే లక్క వదులై, తేమ చేరి రేకు నల్లబడుతుంది. తడి గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దితే చాలు.

చింతపండుతో, నిమ్మరసంతో నగలు తోమే అలవాటు మనకు ఉంది. ముత్యం, పగడం, ఫిరోజా, లాపిస్, మలాకైట్ ఉన్న నగలకు ఆ పులుపు తగిలితే మెరుగు పోయి తిరిగి రాదు. ఇంటి దుమ్ములోనే సన్నటి క్వార్ట్జ్ ఇసుక ఉంటుంది. దులపకుండా గట్టిగా రుద్దితే మెత్తటి రాళ్ళకు గీతలు పడతాయి. గట్టి రాళ్ళనూ మెత్తటి రాళ్ళనూ ఒకే సంచిలో వేయకండి.

కొనేటప్పుడు, అమ్మేటప్పుడు

హాల్‌మార్క్ బంగారం స్వచ్ఛతకు మాత్రమే హామీ, రాయికి కాదు. బిల్లులో నగ మొత్తం బరువు, రాళ్ళ బరువు, నికర బంగారం బరువు వేరువేరుగా రాయించుకోండి. కుదువ పెట్టేటప్పుడు సాధారణంగా రాళ్ళ బరువు తీసేసి బంగారానికే లెక్క కడతారు. రాయికి విలువ ఉందనుకుంటే నగ పంచుకునే ముందే దాన్ని తేల్చుకోవాలి.

రాయి తూకం క్యారెట్లలోనే అడగండి. ఒక క్యారెట్ 0.2 గ్రాములు. రత్తి అంటే గురివింద గింజ ఎత్తు, సుమారు 0.12 గ్రాములు. కానీ రాళ్ళ అంగళ్ళలో రత్తిని సుమారు 0.18 గ్రాములుగా లెక్కపెట్టేవారూ ఉన్నారు. రత్తికి ఇంత అని ధర చెప్పినప్పుడు రత్తికి ఎన్ని మిల్లీగ్రాములని అడగడం మరచిపోకండి.

ఇంటి పరీక్షలు రాయి ఏ జాతిదో చెప్పగలవు. గనిలో పుట్టిందా, ఫ్యాక్టరీలో పుట్టిందా, వేడి చేశారా, పగుళ్ళలో గాజు నింపారా అన్నది చెప్పలేవు. ఎక్కువ డబ్బు పెట్టే రాయికి ల్యాబ్ నివేదిక తప్పదు. ముంబైలోని జెమాలజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా వంటివి ఈ పని చేస్తాయి. నివేదికలో ఖనిజం పేరు, బరువు, సహజమా కృత్రిమమా, ఏ మార్పు చేశారు అన్న నాలుగు సంగతులు ఉండాలి. నేచురల్ సిట్రిన్ అని రాసి ఉన్న నివేదికను కనకపుష్యరాగం పెట్టెలో పెట్టి ఇచ్చే సందర్భాలూ ఉంటాయి. నేచురల్ అన్న మాట దగ్గర ఆగకుండా పక్కనున్న పేరు చదవండి. బిల్లులోనూ అదే పేరు ఉండాలి. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, దానికీ బిల్లే ఆధారం.

గాజని తేలిన హారాన్ని పారేయనక్కర్లేదు. అది అమ్మమ్మ మెడలో ఉన్న హారమే. కానీ ఒక కూతురికి కెంపులని గాజు, ఇంకో కూతురికి ఉత్త గార్నెట్లని కెంపులు వెళ్ళకూడదు. అందుకని పెట్టెలోని రాళ్ళను ఒకసారి తీరికగా బయటికి తీసి చూడండి. ఒక్కొక్కదానికి తెలుగు పేరు, మీ ఊరి భాషలో పేరు, ఖనిజం పేరు, బరువు, ఎవరి నుంచి వచ్చింది అన్నవి రాసి, ఫొటోతో సహా దాచండి. తెలుగు పేరును పిల్లలు చదవగలిగే లిపిలో కూడా రాయండి. పెద్దలు ఉండగానే ఆ పని చేస్తే, తరువాత ఎవరూ అంగడివారి మాట మీద ఆధారపడే అవసరం రాదు.